ఆట యంత్రపు తాళమును తీసిన సున్న

కుట్టు మిషను కొన్నవాడు దానిపై చొక్కా కుట్టుకొనినను, దిండు గలీబు కుట్టుకొనినను, మిషను చేసిన కంపెనీ అడ్డు చెప్పదు. రేడియో కొన్నవాడు తనకు నచ్చిన స్టేషను పెట్టుకొనును. టెలివిజనుకు తగిలించి ఆడుకొను వీడియో ఆట యంత్రముల తీరు మాత్రము వేరు. వాని లోపల ఉన్నది సంపూర్ణమైన కంప్యూటరే. అయినను తయారుచేసిన కంపెనీ సంతకము లేని ప్రోగ్రామును అవి నడపవు. యంత్రము కొన్నవానిది, అది ఏమి చేయవలెనన్న నిర్ణయము కంపెనీది.

ఇట్టి యంత్రములలో జపాను దేశపు నింటెండో కంపెనీ 2006లో విడుదల చేసిన ‘వీ’ ప్రసిద్ధమైనది. ప్రపంచమంతట ఇది 10 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. చేతిలోని మీటను ఊపుచు ఆడు ఆటలగుటచే పిల్లలతోపాటు పెద్దలును దీనిని మెచ్చుకొనిరి. 2013లో జపానులో దీని తయారీ ముగిసినది. అయినను నేటికిని పెక్కు ‘వీ’ యంత్రములు పనిచేయుచున్నవి. కంపెనీ ఎన్నడును ఉద్దేశింపని ప్రోగ్రాములు వానిపై నడచుచున్నవి. గణితశాస్త్రము కాపలాకాయుచున్న తాళము ఎట్లు వీడినది? అది వీడుటవలన ఎవరికి మేలు, ఎవరికి కీడు కలిగినది?

సంతకము లేనిదే ప్రవేశము లేదు

‘వీ’ యంత్రములో రెండు ప్రాసెసర్లు కలవు. ఆటను నడుపునది పెద్దది. ఐబియం కంపెనీ తయారుచేసిన ఈ ప్రాసెసరు సెకనుకు 72 కోట్ల 90 లక్షల స్పందనములతో పనిచేయును. బొమ్మలను గీయు చిప్పులోనే మరియొక చిన్న ప్రాసెసరు ఇమిడియున్నది. ఇది ఇంటి కావలివాని వంటిది. డిస్కును చదువుట, మెమరీ కార్డును ముట్టుట, నెట్‌వర్కుతో సంబంధము పెట్టుకొనుట మున్నగు పనులన్నియు దీని చేతుల మీదుగనే జరుగవలెను.

కావలివాడు రెండు విధములుగా కాపలాకాయును. మొదటిది గోప్యత. డిస్కుమీది సమాచారమంతయు 128 బిట్ల రహస్యపు తాళపుచెవితో గుప్తలిపిగా మార్చబడి యుండును. 128 బిట్లతో ఏర్పడగల తాళపుచెవుల సంఖ్యను వ్రాయవలెనన్నచో 39 అంకెలు కావలెను. ఒక్కొక్క దానిని పెట్టి చూచుచు పోయినచో యుగములు గడచినను ఫలితముండదు.

రెండవది సంతకము. ఇది కాగితముమీది సంతకము వంటిది కాదు, ఒక గణితక్రియ. ముందుగా ప్రోగ్రాములోని బైట్లన్నిటిని కలియబెట్టి 20 బైట్ల సారాంశ సంఖ్యను తయారుచేయుదురు. ప్రోగ్రాములో ఒక్క అక్షరము మారినను ఈ సంఖ్య పూర్తిగా మారిపోవును. కనుక దీనిని ప్రోగ్రాముయొక్క వేలిముద్ర అనవచ్చును. కంపెనీ తనయొద్ద మాత్రమే ఉన్న రహస్యపు తాళపుచెవితో ఈ వేలిముద్రను మరియొక పెద్ద సంఖ్యగా మార్చును. ఆ పెద్ద సంఖ్యయే సంతకము. దానికి జోడియైన బహిరంగపు తాళపుచెవి ప్రతి యంత్రములోను ఉండును. దానితో సంతకమును విప్పినచో మరల వేలిముద్ర బయటపడును. యంత్రము తానుగా ప్రోగ్రామునుండి వేలిముద్రను లెక్కకట్టి, రెంటిని పోల్చును. రెండును ఒకటియైననే ప్రోగ్రామునకు ప్రవేశము లభించును.

ఈ పద్ధతిలోని బలమంతయు ఒక విషయముపై ఆధారపడియున్నది. విప్పుట అందరికిని సాధ్యము. సంతకము చేయుట రహస్యపు తాళపుచెవి ఉన్నవానికి మాత్రమే సాధ్యము. ‘వీ’ సంతకములలో వాడిన సంఖ్య 2048 బిట్లది, అనగా సుమారు 617 అంకెలు గలది. దీనిని కారణాంకములుగా విడగొట్టగలిగినవాడే కంపెనీ సంతకమును అనుకరించగలడు. ఇంత పెద్ద సంఖ్యను విడగొట్టినవారు ఇంతవరకు లేరు.

కంపెనీలు ఇట్టి కట్టుదిట్టములు చేయుటకు కారణములు లేకపోలేదు. ఆటల దొంగ నకళ్ళు వ్యాపించినచో ఆటలు వ్రాసినవారి కష్టము వృథా యగును. ఇతర కంపెనీలు ఈ యంత్రముకొరకు ఆటలు తయారుచేయుటకు చెల్లించు రుసుము కూడ ఈ తాళముపైననే ఆధారపడియున్నది. అయితే తాళము దొంగకును, యజమానికిని భేదము నెరుగదు. తాను స్వయముగా వ్రాసికొన్న చిన్న ప్రోగ్రామును తన యంత్రముమీద నడుపగోరిన విద్యార్థికిని అది అడ్డుపడును.

పట్టకారుతో తాళపుచెవులు

మొదట వీడినది గోప్యత. ఇందు గణితముతో పని లేకపోయినది. ‘వీ’ యంత్రము, అదే కంపెనీ 2001లో విడుదల చేసిన గేమ్‌క్యూబ్ యంత్రపు ఆటలను కూడ ఆడించును. ఆ సమయమున తన 64 మెగాబైట్ల మెమరీలో 16 మెగాబైట్ల భాగమును మాత్రమే ఆ పాత ఆటకు చూపి, మిగిలినదానికి తెర కట్టును. గేమ్‌క్యూబ్ యంత్రపు కట్టుబాట్లు అప్పటికే వీడిపోయినందున, ఆ రీతిలో సొంత ప్రోగ్రామును నడుపుట ఔత్సాహికులకు సాధ్యమైయుండెను. తెర వెనుకకు చూచుట మాత్రము సాధ్యము కాలేదు. అక్కడ కావలివాని ప్రోగ్రామును, రహస్యపు తాళపుచెవులును తుడిచివేయబడక మిగిలియుండెను.

మెమరీలోని ఏ గదిని చదువవలెనో తెలుపు తీగలను చిరునామా తీగలందురు. కొందరు ఔత్సాహికులు యంత్రమును విప్పి, పనిచేయుచుండగనే, సర్క్యూటు పలకమీది చిరునామా తీగలను చిన్న పట్టకారుతో తాకించిరి. తీగమీది విద్యుత్తు మారుటతో చిరునామా మారినది. 16 మెగాబైట్ల కిటికీ తెర వెనుకకు జరిగినది. ఈ విధముగా భాగము తరువాత భాగముగా మెమరీని చదివి, వారు తాళపుచెవులను సంపాదించిరి. ఇంగ్లీషులో పట్టకారును ట్వీజర్స్ అందురు. వారి బృందమునకు టీమ్ ట్వీజర్స్ అన్న పేరు అందుచేతనే వచ్చినది. 2007 డిసెంబరులో బెర్లిను నగరమున జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెసు అను సమావేశములో ‘వీ’ యంత్రముపై సొంత ప్రోగ్రాము నడచుటను సభికులకు చూపించిరి.

ఈ తాళపుచెవులతో గుప్తలిపిని చదువవచ్చును. అయినను కంపెనీ సంతకము చేయు తాళపుచెవి యంత్రములో లేదు. కనుక క్రొత్త ప్రోగ్రామును స్థిరముగా ఎక్కించుట అప్పటికిని అసాధ్యమే. కాని కావలివాని ప్రోగ్రామును చదువుటకు వీలు కలిగినది. అతడు సంతకమును ఎట్లు పరీక్షించుచున్నాడో ఇప్పుడు చూడవచ్చును.

సున్నకు సున్న సరి

రెండు వేలిముద్రలను పోల్చుటకు కావలివాని ప్రోగ్రాములో వాడినది ‘సీ’ అను కంప్యూటరు భాషలోని ఒక ఉపకరణము. అది మాటలను పోల్చుటకు ఉద్దేశింపబడినది. ఆ భాషలో మాట ఎక్కడ ముగిసినదో తెలుపుటకు చివర సున్న బైటు నుంచుదురు. కనుక ఆ ఉపకరణము రెండు వరుసలను బైటు వెంట బైటు పోల్చుచు పోయి, రెంటిలోను ఒకేచోట సున్న కనబడగానే ఆగిపోవును. అంతవరకు భేదము లేనిచో రెండును సమానమని తీర్పు చెప్పును. మాటల విషయమున ఇది సరియైన పద్ధతియే. వేలిముద్ర మాట కాదు. అందు సున్న ఎక్కడనైనను రావచ్చును.

ఒక గుమాస్తాను రెండు కాగితములు సరిపోల్చుమని పంపిరనుకొనుడు. చుక్క కనబడినచోట ఆగవలెనని అతనికి అలవాటు. రెండు కాగితములును చుక్కతోనే ఆరంభమైనచో అతడు ఒక్క అక్షరమైనను చదువక, ‘రెండును ఒకటే’ అని చెప్పివచ్చును. యంత్రములోని కావలివాడును సరిగా ఇట్లే చేయుచుండెను.

కనుక సంతకమును విప్పినపుడు మొదటి బైటు సున్నగా రావలెను. ప్రోగ్రాముయొక్క వేలిముద్రలోను మొదటి బైటు సున్న కావలెను. మొదటిది అతి సులభము. సంతకమును విప్పుట అనగా ఆ సంఖ్యను దానితోనే పలుమారులు హెచ్చించి, ఒక పెద్ద సంఖ్యతో భాగించి శేషమును తీయుట. సంతకముగా సున్ననే వ్రాసినచో ఎన్నిమారులు హెచ్చించినను వచ్చునది సున్నయే. విప్పగా వచ్చిన సంఖ్యలో వేలిముద్రకు ముందుండవలసిన భాగము నియమితమైన ఆకారములో ఉన్నదా అని కూడ చూడవలసియుండెను. ఆ పరీక్షయు జరుగలేదు.

ఇక రెండవ పని. ఒక బైటు 0 మొదలు 255 వరకు 256 విలువలలో ఏదైనను కావచ్చును. కాబట్టి సగటున 256 ప్రోగ్రాములలో ఒకదాని వేలిముద్ర సున్నతో ఆరంభమగును. ప్రోగ్రాములో ఉపయోగము లేని ఒక మూలనున్న సంఖ్యను ఒకటొకటిగా మార్చుచు, ప్రతిసారియు వేలిముద్రను లెక్కకట్టినచో కొలది వందల ప్రయత్నములలో కావలసిన సున్న లభించును. సామాన్యమైన కంప్యూటరునకు ఇది రెప్పపాటు పని. 617 అంకెల సంఖ్యను విడగొట్టవలసిన శ్రమ ఈ విధముగా 256 ప్రయత్నములకు దిగజారినది. ఈ లోపము 2008లో బహిరంగమైనది.

గుఱ్ఱము పేరు

నకిలీ సంతకము చేయుట తెలిసినను, ప్రోగ్రామును సామాన్యుని యంత్రములోనికి మొదటిసారి చేర్చుట ఎట్లు? అందరును పట్టకారు పట్టలేరు గదా. దీనికి 2008 ఫిబ్రవరిలో వెలువడిన ఉపాయము చాల చమత్కారమైనది.

‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్’ అను ఆటలో కథానాయకుని గుఱ్ఱమునకు ఆడువాడు తనకు నచ్చిన పేరు పెట్టవచ్చును. ఆ పేరునకు మెమరీలో కొలది అక్షరముల చోటు మాత్రమే కేటాయింపబడినది. ఆట తెరమీద ఎక్కువ అక్షరములు వ్రాయనీయదు. కాని ఆట నడుమ ఆపి దాచుకొన్న దస్త్రమును మరల చదువునపుడు, అందలి పేరు ఎంత పొడవున్నదో కొలిచి చూడదు. దస్త్రము తాను వ్రాసినదే గనుక సరిగానే ఉండునని దాని నమ్మకము.

మానెడు పట్టు గిన్నెలో కుంచెడు గింజలు పోసినచో మిగిలినవి ప్రక్కనున్న వస్తువులమీద పడును. పొడుగాటి పేరు కూడ తన చోటును దాటి ప్రక్కనున్న మెమరీమీద పడినది. ఒక పనిని ముగించిన పిదప ఎక్కడికి తిరిగి పోవలెనో తెలుపు చిరునామాను ప్రోగ్రాము మెమరీలోనే వ్రాసి ఉంచుకొనును. పొరలిన అక్షరములు ఆ చిరునామాను చెరిపి, తమ చిరునామాను వ్రాసినవి. ఆటలో ఎదుట నిలిచిన మనిషిని పలుకరించినంతనే యంత్రము ఆ క్రొత్త చిరునామాకు పోయి, అక్కడ పొంచియున్న చిన్న ప్రోగ్రామును నడపినది. అది ఎస్.డి. కార్డునుండి మరియొక ప్రోగ్రామును రప్పించినది.

ఈ దస్త్రమునకును సంతకము కావలెను. కాని ఆటల దస్త్రములను స్నేహితుల యంత్రములకు ఇచ్చిపుచ్చుకొను సౌకర్యమున్నది గనుక, వానిపై సంతకము చేయు తాళపుచెవి ప్రతి యంత్రములోను ఉండక తప్పదు. ఒక యంత్రమునుండి దానిని బయటికి తీసినందున, దానితో సంతకము చేసిన దస్త్రమును తక్కిన యంత్రములన్నియు నమ్మినవి. ఆట అసలైనదే, డిస్కు అసలైనదే. గుఱ్ఱము పేరు ఒక్కటే కల్పితము.

ఈ దారిలో లోపలికి ప్రవేశించి, 2008లో ‘హోమ్‌బ్రూ ఛానెల్’ అను ప్రోగ్రామును స్థిరముగా ఎక్కించుట ఆరంభమైనది. హోమ్‌బ్రూ అనగా ఇంటిలో తయారుచేసికొన్నది అని అర్థము. ఇది ‘వీ’ తెరమీద తక్కిన బొమ్మల సరసన ఒక బొమ్మగా నిలుచును. దానిని నొక్కినచో ఎస్.డి. కార్డులోని సొంత ప్రోగ్రాములు కనబడును. ఆ తరువాత కంపెనీ లోపములను సవరించుచు పోయినది. ఔత్సాహికులు క్రొత్త దారులను వెదకుచు పోయిరి. 2011లో వెలువడిన ‘లెటర్‌బాంబ్’ అను పద్ధతికి ఆట డిస్కుతో పని లేదు. యంత్రములో ఉత్తరములు చూపు పలకయందు ప్రత్యేకముగా తయారైన ఉత్తరము నొకదానిని తెరచిన చాలును. ఆ ఉత్తరములో యంత్రముయొక్క నెట్‌వర్కు చిరునామా కలిసియుండుటచే ఎవరి ఉత్తరము వారి యంత్రమునకే పనికివచ్చును.

దిద్దుటకు వీలులేని తప్పు

తప్పు తెలిసిన పిమ్మట కంపెనీ దానిని దిద్దినది. కాని ఒకచోట మాత్రము దిద్దుట సాధ్యము కాలేదు. దీనిని గ్రహించుటకు యంత్రము మేల్కొను క్రమమును తెలిసికొనవలెను.

విద్యుత్తు పారగానే మొదట నడచునది చిప్పులో శాశ్వతముగా అచ్చుపోసిన చిన్న ప్రోగ్రాము. దానిని బూట్0 అందురు. అది ఫ్లాష్ మెమరీనుండి బూట్1ను తెచ్చి, దాని వేలిముద్రను చిప్పులో ఫ్యాక్టరీయందు ఒకేమారు వ్రాసిన సంఖ్యతో పోల్చును. సరిపడినచో బూట్1 నడచి, బూట్2ను సంతకముతో పరీక్షించును. బూట్2 తక్కిన యంత్రమును మేల్కొల్పును. ఒకరి వెనుక ఒకరు నిలిచిన కావలివారి వరుస ఇది.

తొలిదినములలో తయారైన యంత్రముల బూట్1లో కూడ ఆ సున్న లోపమే ఉన్నది. బూట్1ను మార్చినచో దాని వేలిముద్ర మారును. చిప్పులోని సంఖ్యను మార్చుటకు వీలులేదు. కనుక యంత్రము మేల్కొనదు. ఎవరును మార్చకుండుటకై చేసిన ఏర్పాటు కంపెనీ చేతులనే కట్టివేసినది. తరువాత తయారైన యంత్రములలో సరిదిద్దిన బూట్1ను ఉంచిరి. పాత యంత్రములు మాత్రము తమ లోపముతోనే మిగిలిపోయినవి.

ఈ లోపమే పాత యంత్రములకు ఒక రక్షగా మారుట విశేషము. 2009లో వెలువడిన ‘బూట్‌మీ’ అను ప్రోగ్రామును పాత యంత్రములలో బూట్2 స్థానమున ఎక్కించవచ్చును. అది అన్నిటికంటె ముందు మేల్కొనును. 512 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీని యథాతథముగా ఎస్.డి. కార్డుమీదికి నకలు తీయగలదు. తెరమీది ముఖ్య ప్రోగ్రాము చెడిపోయినను, ఆ నకలునుండి యంత్రమును పూర్వస్థితికి తేగలదు. తరువాతి యంత్రములలో ఇది అంత ముందుగా మేల్కొనజాలదు. కాబట్టి వానికి ఈ రక్షణ సంపూర్ణము కాదు.

ఇటుకగా మారు అపాయము

అనధికార ప్రోగ్రాములు ఎక్కించుటలో అపాయములు కలవు. ఫ్లాష్ మెమరీలో వ్రాయుచున్న సమయమున విద్యుత్తు పోయినను, ఒక ప్రాంతపు యంత్రమునకు తగిన ప్రోగ్రామును మరియొక ప్రాంతపు యంత్రములో పెట్టినను, ముఖ్య ప్రోగ్రామును అజాగ్రత్తగా తొలగించినను యంత్రము మరల మేల్కొనకపోవచ్చును. అట్టి యంత్రమును ‘ఇటుక’ అని ఎగతాళిగా పిలుతురు. చూచుటకు పెట్టె పెట్టెవలెనే యుండును. పనికి మాత్రము గోడలో పెట్టుటకే తగును.

అందువలన అనుభవజ్ఞులు పాటించు క్రమము ఒకటున్నది. ముందుగా యంత్రములోని ప్రోగ్రాము ఎన్నవ కూర్పో, అది ఏ ప్రాంతమునకు చేసినదో సెట్టింగుల తెరలో చూచుకొందురు. ఆ కూర్పునకు తగిన దారినే ఎన్నుకొందురు. లోపలికి ప్రవేశించిన వెంటనే, మరి యే మార్పును చేయకముందే, ఫ్లాష్ మెమరీకి నకలు తీసి వేరుచోట భద్రపరతురు. ఆ మీదట కంపెనీ కూర్పులను యంత్రముపై నెక్కించుట మానుదురు. అవసరము లేని సాధనములను కేవలము కుతూహలముచే ఎక్కించరు. ఈ ప్రోగ్రాములు ఉచితముగా లభించును. వీనిని డబ్బుకు అమ్ము మోసగాండ్రు బయలుదేరుటచే, డబ్బు చెల్లించియున్నచో మోసపోయినట్లేనని హోమ్‌బ్రూ ఛానెల్‌ను ఎక్కించు ప్రోగ్రాము తెరమీదనే హెచ్చరించును.

ఉపయోగము, దురుపయోగము

ఈ తలుపు తెరచుటవలన కలిగిన ఉపయోగములు పెక్కు. ‘వీ’ మీద లినక్సు నడచినది. చలనచిత్రములను చూపు ప్రోగ్రాములు వచ్చినవి. పాత కంప్యూటరు ఆటలను ఆడించు స్కమ్‌వీఎమ్ దీనిపైకి వచ్చినది. కొన్ని ఆటల దస్త్రములను మరియొక చోటికి నకలు తీయుటకు కంపెనీ అనుమతింపలేదు. ‘మారియో కార్ట్ వీ’ ఇందుకు ఉదాహరణము. ఏండ్ల తరబడి ఆడి సాధించినదంతయు యంత్రము చెడినచో దానితోనే పోవలసియుండెను. సొంత ప్రోగ్రాముల సాయముచే వానిని భద్రపరచుకొనుట సాధ్యమైనది.

అదే తలుపునుండి దొంగ నకళ్ళును ప్రవేశించినవి. తాళము తీసిన బృందమువారు దొంగ ఆటలకు తాము తోడ్పడమని బహిరంగముగా చెప్పిరి. అయినను ఇతరులు వారి జ్ఞానమునే ఆ పనికి వాడుకొనిరి. ఇందుచేతనే చట్టములు ఈ విషయమున జాగ్రత్తతో అడుగు వేయుచున్నవి. మన దేశపు కాపీరైటు చట్టములో 2012లో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారము, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో రక్షణ ఏర్పాటును తప్పించుకొనినవారికి రెండేండ్ల వరకు జైలుశిక్ష, జుల్మానా విధింపవచ్చును. ఇందు ‘ఉద్దేశముతో’ అన్న మాట గమనింపదగినది. అమెరికాలో 2015లో, కంపెనీలు తమ సేవలను నిలిపివేసిన ఆటలను భద్రపరచుటకై గ్రంథాలయములకు, పురావస్తుశాలలకు కొన్ని మినహాయింపులిచ్చిరి. 2021లో ఆట యంత్రముల డిస్కు డ్రైవును మరమ్మతు చేయుటకై తాళమును దాటుటకు కూడ అనుమతి లభించినది. స్వేచ్ఛగా ఏ ప్రోగ్రామునైనను నడుపుకొను సాధారణ హక్కును మాత్రము ఇవి ఇయ్యలేదు.

అంగడి మూసిన తరువాత

‘వీ’ యంత్రమునకు నెట్‌వర్కు ద్వారా ఉత్తరములు, వాతావరణ సమాచారము అందించు సేవ 2013 జూనులో నిలిచినది. దూరముననున్నవారితో కలిసి ఆడు సేవ 2014 మే నెలలో ముగిసినది. ఆటలు కొనుక్కొను అంగడి 2019 జనవరి ఆఖరున మూతపడినది. ఆ అంగడిలో మాత్రమే అమ్మిన ఆటలు కొన్ని కలవు. వానికి డిస్కులు లేవు. ఇప్పుడు వానిని ‘వీ’కొరకు క్రొత్తగా కొనుటకు మార్గము లేదు. ఔత్సాహికులు 2014లో వీమ్‌ఫై అను స్వచ్ఛంద సేవను నెలకొల్పి, దూరపువారితో ఆడు సౌకర్యమును కొన్ని ఆటలకు మరల కల్పించిరి.

డిస్కును చదువు లేసరు కాలక్రమమున బలహీనపడును. ఫ్లాష్ మెమరీకిని ఆయుర్దాయము కలదు. తయారుచేసినవారు సేవలను చాలించిన పిదప, కోట్ల సంఖ్యలోనున్న యంత్రములను నడుపుకొను భారము కొన్నవారిపైననే పడినది. వారి చేతిలోనున్న సాధనము కంపెనీ ఇచ్చిన తాళపుచెవి కాదు, ప్రోగ్రాము వ్రాసినవాడు పొరపాటున విడిచిన సున్న. తరువాత తయారైన యంత్రములలో ఇట్టి తప్పులు తగ్గుచున్నవి. అవి పాతబడినపుడు ఏమి చేయవలెనన్నది ఇంకను తేలని ప్రశ్న. సేవలను నిలుపునపుడు తాళము తీయు అధికారమును కొన్నవారికి అప్పగించు ఏర్పాటు, యంత్రమును రూపొందించు సమయముననే ఆలోచింపదగినది. పొరపాటును నమ్ముకొని ఏ వస్తువును కలకాలము కాపాడుకొనలేము.